ఇద్దరు పురుషుల ప్రేమకథకు ఏ గుర్తు, ఏ హెచ్చరిక?

ప్రశ్న – వెన్నెల_రాతలు
ఒక పాత పోలీసు సినిమాలోని ఇద్దరు కానిస్టేబుళ్ల పాత్రలతో తెలుగులో ఫ్యాన్ ఫిక్షన్ (అభిమానులు రాసే కల్పిత కథ) రాస్తున్నాను. అమీర్‌పేటలో ఒకే గది, ఒకే బండి, రాత్రి డ్యూటీ దిగాక వన్ బై టూ ఇరానీ చాయ్. కథలో చాలా భాగం ఇంతే. తమది ప్రేమ అని వాళ్లకే చివరి అధ్యాయంలో గానీ తెలియదు. దీనిని అభిమానుల కథల సైటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో ఉంచేటప్పుడు ఇద్దరి పేర్ల మధ్య ఏ గుర్తు పెట్టాలి? ఇది మగవాళ్ల ప్రేమకథ అని పైన హెచ్చరిక కూడా ఉండాలని నా స్నేహితులు కొందరు అంటున్నారు. అది అవసరమా?

మెహదీపట్నం_పాఠకుడు
వెన్నెల గారూ, పేర్ల మధ్య ఏటవాలు గీత (/) ఉంటే ప్రేమ లేదా శారీరక సంబంధమనీ, అండ్ గుర్తు (&) ఉంటే స్నేహమో బంధుత్వమో అనీ అక్కడి కట్టుబాటు. 1970ల నాటి స్టార్ ట్రెక్ అభిమానుల పత్రికలలో కిర్క్, స్పాక్‌ల పేర్ల మధ్య పెట్టిన ఆ గీత వల్లనే ఇద్దరు పురుషుల ప్రేమకథలకు స్లాష్ (ఏటవాలు గీత) అనే పేరు వచ్చింది. స్త్రీల మధ్య ప్రేమకథలను ఫెమ్‌స్లాష్ అంటారు. మీ కథ ఆలస్యంగానైనా ప్రేమకే చేరుతుంది కనుక గీతే పెట్టండి. 'స్లో బర్న్' (ప్రేమ నెమ్మదిగా ముదిరే కథ) అనే అదనపు ట్యాగ్ చేరిస్తే, ఓపిక లేని పాఠకులు సగంలోనే మిమ్మల్ని నిలదీయకుండా ఉంటారు.

బర్కత్‌పురా_అత్తయ్య
హెచ్చరిక విషయంలో మీ స్నేహితులతో నేను ఏకీభవించను. ఆ సైటులో సంబంధానికి ఒక గడి, రేటింగుకు మరొకటి, హెచ్చరికలకు ఇంకొకటి ఉంటాయి. హెచ్చరికల గడిలో ఉన్నవి తీవ్రమైన హింస, ప్రధాన పాత్ర మరణం, అత్యాచారం, మైనర్లతో లైంగిక చర్య. ఒక పురుషుడు మరొకరిని ప్రేమించడం ఆ వరుసలో లేదు, ఉండకూడదు కూడా. స్త్రీపురుషుల ముద్దుకు ఏ రేటింగు ఇస్తారో వీరి ముద్దుకూ అదే ఇవ్వండి. ఇటువంటి కథ వద్దనుకునేవారు ఎం/ఎం (పురుషుడు/పురుషుడు) అనే వర్గాన్ని చూసి తామే పక్కకు తప్పుకుంటారు.

రాత్రి_షిఫ్టు
మూలకథలోనే జంటగా ఉన్నవారిపై రాసినదాన్ని స్లాష్ అనరాదని వాదించే పాత అభిమానులు ఉన్నారు. సైటు అడిగేది ఎం/ఎం, ఎఫ్/ఎఫ్ (స్త్రీ/స్త్రీ) వంటి వర్గమే కనుక ఆ తగవు మీ దాకా రాదు.

వెన్నెల_రాతలు
అందరికీ ధన్యవాదాలు. అయితే అత్తయ్య గారూ, చివరలో ఇద్దరిలో ఒకరు కాల్పుల్లో చనిపోతారు. అది ముందే చెబితే కథ పట్టు సడలిపోదా?

బర్కత్‌పురా_అత్తయ్య
అసలు హెచ్చరిక అవసరమైనది దానికేనమ్మా! ముందుగా చెప్పడం ఇష్టం లేకపోతే, రచయిత హెచ్చరికలు వాడదలచుకోలేదు అనే ఎంపిక అదే గడిలో ఉంది. అది చూసినవారు ఏదైనా జరగవచ్చునని సిద్ధపడే చదువుతారు. హెచ్చరికలేవీ వర్తించవు అన్నదానిని మాత్రం పొరపాటున కూడా నొక్కకండి.