రోడ్డు మీద ఆపి వాట్సాప్ చూపించమంటే చూపించాల్సిందేనా?

దారినపోయే దానయ్య:
2021 అక్టోబరులో హైదరాబాద్‌లో తిరిగిన వీడియోలు గుర్తున్నాయా? బండ్లు ఆపి, ఫోన్ లాక్ తీయించి, వాట్సాప్ సెర్చ్‌లో గంజాయి అని కొట్టి చూశారు పోలీసులు. ఎవర్నీ బలవంతపెట్టట్లేదు, జనమే సహకరిస్తున్నారని ఒక అధికారి అన్నారు. చుట్టూ పోలీసులు నిలబడి ఉంటే కుర్రాడు ఇంకేం చేస్తాడండీ? దాన్ని సమ్మతి అంటే నాకు మింగుడుపడదు.

శాలిబండ చాయ్:
దానయ్య భాయ్, మా గల్లీ చివర పాత షెడ్డులో సాయంత్రమైతే పొగే. అంతా ఇంటర్ పిల్లలు. అమ్మేవాడి బేరమంతా ఫోన్లోనే. తప్పు చేయనోడికి భయమెందుకు?

దారినపోయే దానయ్య:
ఆ సెర్చ్‌లో ఏమొస్తాయో చూడు భాయ్. పేపర్ క్లిప్పింగులు, మీమ్స్. మా గ్రూపులో ఒకడి ముద్దుపేరే గంజాయిగాడు! దాని కిందే మా ఆవిడ స్కానింగ్ రిపోర్టు.

ప్లీడరు గుమాస్తా:
మత్తుమందుల చట్టం సెక్షన్ 50 చూడండి. ఒంటి మీద సోదా చేసేముందు, గెజిటెడ్ ఆఫీసరు ముందో మేజిస్ట్రేటు ముందో చేయమని అడిగే హక్కుందని మనిషికి చెప్పాలి. చెప్పి తీరాల్సిందేనని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జేబు తడమడానికే ఇంత తతంగం ఉంటే, ఫోన్‌కి "ఏయ్, లాక్ తియ్" అంటే సరిపోతుందా?

శాలిబండ చాయ్:
సెక్షన్ 50 ఒంటికే, సంచికి కాదని అదే కోర్టు 2005లో చెప్పింది కదా గుమాస్తా గారూ. ఫోనూ సంచీ ఒకటే నా లెక్కలో.

ప్లీడరు గుమాస్తా:
సంచిదాకా ఒప్పుకుంటా. అయినా సంచి విప్పాలన్నా అనుమానానికో కారణం ఉండాలి. వరసగా ఆపిన బండ్లన్నిటి మీదా ఏం కారణం? గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలూ అన్నారు. అందులో వేలు పెట్టాలంటే చట్టం ఉండాలి, అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించకూడదు. పాస్‌వర్డ్ అడగడం తప్పు కాదని 2021లో కర్ణాటక హైకోర్టు అంది, అది మీ పాయింటే. ఫోన్ సోదాకి మాత్రం మామూలుగా వారెంటు కావాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. ఇప్పుడు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్, దాని సెక్షన్ 105 సోదాని వీడియో తీయమంటోంది. పంచనామా లేకుండా రోడ్డు మీద చూసిన చాట్‌ని పట్టుకుని కోర్టుకెళ్తే, అమ్మినవాడి వకీలుకి పండగే. ఎవరైనా ఆపితే "ఏ కేసులో సార్, నోటీసు ఉందా?" అని మర్యాదగా అడగండి.

శాలిబండ చాయ్:
అలా అడిగితే ఆర్‌సీ ఏది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఏది అంటూ గంట నిలబెడతారు. అది ఏ సెక్షనో ముందు చెప్పండి సార్.