మూడు రూపాల జెట్ బొమ్మ: భుజం కీలు కాడ తెల్లగీత పడ్డది, ఇప్పుడేం చేయాలె?

నయీంనగర్ తమ్ముడు:

అన్నలూ, అక్కలూ, జర సాయం కావాలె. మా బావ దుబాయిల పని చేస్తడు. మొన్న సెలవు మీద జగిత్యాల వచ్చినప్పుడు నాకొక బొమ్మ తెచ్చిండు. అక్కడ రూమ్ ఖాళీ చేసి పోతున్న ఒకాయన దగ్గర కొన్నడట. చూస్తే యుద్ధవిమానం, మడతలు విప్పుకుంట పోతే రోబో అయితది. డబ్బా లేదు, ఎట్ల విప్పాలె, ఎట్ల మూయాలె అని చూపించే పుస్తకం లేదు. తెల్ల రంగు, తోకరెక్కల మీద పుర్రె గుర్తు ఉన్నది.

విమానాన్ని రోబో చేసుడు మంచిగనే అయింది. మళ్ల విమానం చేద్దామంటే కుడి చెయ్యి కడుపు కిందికి పోతలేదు. జర గట్టిగ నూకిన. టక్కుమన్నది. ఇరగలేదు గని భుజం కీలు కాడ ఎంటికంత తెల్లగీత పడ్డది. ఎడమ కాలు ముందుగాల్నే వదులు, నిలబెడ్తే పక్కకు ఒరుగుతది. ముక్కు దిక్కు ఒక పక్క పసుపుపచ్చగ మారింది. ఫెవిక్విక్ తెచ్చి పెట్టుకున్న. రెండు చుక్కలు కొబ్బరినూనె వెయ్యిరా, కదుల్తది అని అమ్మ అంటున్నది. మా అక్క కొడుకు ఆరేండ్లోడు, నేనెప్పుడు లేస్తనా అని తలుపు కాడనే కూసున్నడు. చెప్పుండ్రి.

కాజీపేట జంక్షన్:

తమ్మీ, ఫెవిక్విక్ మూత పెట్టు. కొబ్బరినూనె అమ్మకే ఇచ్చెయ్యి.

ఫెవిక్విక్ నీళ్ల లెక్క పలుచగుంటది. గీత మీద పోస్తే గీత మీదనే ఆగదు, సందుల నుంచి లోపలి పిన్ను దాకా గుంజుకపోతది. ఇగ ఆ కీలు జన్మల కదలదు. ఇంకోటి, ఆరేటప్పుడు దాని ఆవిరి పక్కనున్న కాక్‌పిట్ అద్దం మీద తెల్లటి పొగ లెక్క పడ్తది. నేను 2016ల ఒక బొమ్మకు గిదే పని చేసిన. ఆ అద్దం ఇప్పటికీ మోతిబిందు వచ్చిన కన్ను లెక్కనే ఉన్నది.

నూనె సంగతి వేరే. ఈ బొమ్మల ఒళ్లు ఎక్కువ శాతం ఏబీఎస్ ప్లాస్టిక్. ఒత్తిడి మీదున్న ఏబీఎస్‌కు నూనె తగిలితే సన్న పగుళ్లు లేసే అవకాశం ఉన్నది. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే, ఏదీ వద్దు. రిమోట్ కార్ల షాక్ అబ్జార్బర్లల పోసే సిలికాన్ నూనె దొరికితే అగ్గిపుల్ల కొసకు అంటించి ఒక్క చుక్క పెట్టు. దొరకకపోతే ఏదీ పెట్టకు.

తెల్లగీత అంటే భయపడకు. బడిల ప్లాస్టిక్ స్కేలు వంచి ఆడినవా? వంచినకాడ తెల్లగైతది సూడు, గదే ఇది. లోపల కంటికి కానరాని ఖాళీలు పడ్డయి, వాటి మీద వెలుగు చెదిరి తెల్లగ కనపడ్తది. ఇంకా పగులు కాదు, పగులుకు ముందు మాట. గోరు పెట్టి అడ్డంగ గీకి చూడు. గోరు తట్టుకుంటే పగిలినట్టు, జారిపోతే బతికినట్టు. ఇంకోటి చెప్పు, ముక్కు కొస నుంచి తోక కొస దాకా పొడుగెంత?

నయీంనగర్ తమ్ముడు:

గోరు జారిపోతున్నది అన్నా, పానం వచ్చింది. మళ్ల విమానం కాలేదు గని, చేతులు పక్కకు పెట్టి మిగితాదంత సాపు చేసి మా చెల్లె స్కేలు పెట్టి కొలిచిన. 29న్నర సెంటీమీటర్లు వచ్చింది.

కాజీపేట జంక్షన్:

అయితే 1/48, అంటే అసలు విమానంల 48వ వంతు సైజు. లెక్క ఇట్ల. ఇది వీఎఫ్-1 వాల్కిరీ. 1982ల జపాన్ టీవీల మొదలైన మాక్రాస్ కార్టూన్‌ల విమానం, గీసినాయన షోజీ కవమోరి. కథల దీని పొడుగు 14.23 మీటర్లు. 48తోని భాగిస్తే 29.6 సెంటీమీటర్లు, 60తోని అయితే 23.7, 55తోని అయితే దాదాపు 26. డబ్బా లేకుండ చేతికొచ్చిన ఏ వాల్కిరీనైనా నేను ముందు స్కేలుతోనే గుర్తు పడ్త.

26 వచ్చి ఉంటే నిన్ను మస్తు ఇబ్బంది పెడ్తుంటి, ఫొటోలు అడిగి. 1/55 అంటే టకటోకు కంపెనీ ఆ రోజుల్ల పోసిన అచ్చు. ఆ కంపెనీ 1984ల దివాలా తీసింది, అచ్చులు బందాయ్ చేతికి పోయినయి. 1985ల అమెరికా కంపెనీ హాస్‌బ్రో అదే బొమ్మను జెట్‌ఫైర్ అని పేరు పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్స్ అనే తన రోబో బొమ్మలల్ల కలిపి అమ్మింది. ఒకే అచ్చు, రెండు కథలు. నీది గంత పాతది కాదు. 1/48ల యమాటో చేసినయి ఉన్నయి, తర్వాత బందాయ్ డీఎక్స్ చోగోకిన్ అని చేసినయి ఉన్నయి. లోపలి దిక్కు యాడనో ఒకకాడ సన్నటి అచ్చు అక్షరాలుంటయి, టార్చ్ పెట్టి చూడు. ఏ కంపెనీదో తెలిస్తే దాని పుస్తకం బొమ్మలు నెట్‌ల దొరుకుతయి. అవి చూడకుండ ఇగ ఒక్క కీలు కూడ తిప్పకు.

నీ చెయ్యి ఎందుకు పోలేదో మాత్రం ఇక్కడికెల్లే చెప్త. కాళ్లు ముందుగాల మూసినవు గదా?

నయీంనగర్ తమ్ముడు:

అవునన్నా! నీకెట్ల తెలుసు?

కాజీపేట జంక్షన్:

అందరం గట్లనే చేసినం తమ్మీ.

విమానం రూపంల దీని కాళ్లే ఇంజన్లు. చేతులు ఆ రెండు ఇంజన్ల నడుమ, కడుపు కింద పండుకుంటయి. తలకాయ కూడ ఆ కిందనే. అంటే బీరువల బట్టలు సదిరినట్టు, లోపలియి ముందు, బయటియి వెనుక. పిడికిళ్లు ముంజేతులల్లకు మడిచెయ్యి. పిడికిలి బయటుంటే చెయ్యి జర పొడుగైతది, ఆ జరంత కాడనే భుజాలు ఇరుగుతయి. తర్వాత తల సదురు. తర్వాత చేతులు రెండూ సమంగ, ఒకటి మొత్తం ఒకటి సగం కాకుండ, లోపలికి పంపు. కాళ్లు ఆఖరుకు. రెక్కలు వెనకకు జరుగుతయి, అమెరికా నేవీ ఎఫ్-14 టామ్‌క్యాట్ రెక్కల లెక్క. కవమోరి ఆ విమానం పోలికతోనే గీసిండు. అయితే రెక్క కొస పట్టుకొని గుంజకు, మొదలు కాడ పట్టుకో.

నడుమ ఒక రూపం ఉంటది, గెర్‌వాక్ అంటరు. సగం విమానం, సగం కాళ్లు, చెరువుల కొంగ నిలబడ్డట్టు. దారి తప్పినవనుకో, గాబరపడి ముందుకు నూకకుండ ఆ రూపానికి రా. అక్కడ అన్ని కీళ్లూ ఖాళీగ ఉంటయి, ఏది దేనికి అడ్డమొస్తున్నదో కనపడ్తది.

ఏ కీలు కూడ బలం అడగదు. రాట్చెట్ కీలు, అంటే లోపల పండ్లుండి ఆగుకుంట తిరిగేది, అయితే టక్ టక్ అంటది, అది దాని మాట. మిగితా ఏది అడ్డమొచ్చినా ఇంకేదో తన జాగల లేదని అర్థం. ఆగి, తిప్పి చూడు.

కరీంనగర్ అక్క:

తమ్ముడూ, నడుమ వచ్చిన. మా ఇంట్ల వెండి తీగపని, ఫిలిగ్రీ. చిన్నప్పటికెల్లి సన్న పనిముట్ల నడుమ పెరిగిన, అందుకే రెండు మాటలు.

వదులు కాలు ముందు స్క్రూదా, గుండ్రటి బంతి కీలుదా చూడు. స్క్రూ అయితే పావు చుట్టు బిగిస్తే సరిపోతది. కానీ మన దగ్గర దొరికే మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ పెట్టకు. జపాన్ స్క్రూలు జేఐఎస్ కొలతవి, అంటే ఆ దేశపు ప్రమాణం. చూడనీకె అదే ప్లస్ గుర్తు గని, మన ఫిలిప్స్ కొస పూర్తిగ కూసోదు, తిప్పంగనే జారి తల అరిగిపోతది. ఆ తల అరిగినంక మాలాంటోళ్ల దగ్గరికి తెస్తరు, డ్రిల్లు పెట్టి తీయాలె. నీ దగ్గర జేఐఎస్ కొస లేకపోతే గడియారాలు బాగు చేసేటాయన దగ్గరికి పో. ఆయన దగ్గర నాలుగైదు రకాల కొసలుంటయి, ఏది గట్టిగ కూసుంటదో వేలుకే తెలుస్తది ఆయనకు.

బంతి కీలు అయితే గోర్ల రంగు పూయమని చెప్పెటోళ్లుంటరు, ఇనకు. అండ్ల ఉన్న సాల్వెంట్ ప్లాస్టిక్‌ను తింటది. ఫెవికాల్ తీసుకొని నీళ్లతోని పలుచన చేసి బంతి మీద ఒక పొర పూయి. కీలు ఊడదీసి, రాత్రంత ఆరనిచ్చి తెల్లారి పెట్టు. నచ్చకపోతే గోరువెచ్చని నీళ్లల్ల మెత్తవడి ఊడొస్తది, నష్టం లేదు.

ఒకవేళ ఆ భుజం ఎప్పుడన్న నిజంగ ఇరిగితే అతుకు మీద ఆశ పెట్టుకోకు. కీలు ఇరిగిన జాగల అతుకు నిలవదు, భారమంత అక్కడనే పడ్తది. రెండు ముక్కలకూ అర మిల్లీమీటర్ బెజ్జం చేసి సన్న స్టీలు తీగ దించి అప్పుడు అతకాలె. చేతి డ్రిల్లుతోని మేము వెండికి చేసేటి పనే. కీళ్లల్ల కొన్నింటికి వేరే రకం జారుడు ప్లాస్టిక్ ఉంటది, పీఓఎం అంటరు, పట్టుకుంటే మైనం లెక్క జారుతది. దానికి ఏ గమ్మూ పట్టదు, ముందే చెప్తున్న.

గోదావరిఖని సింగరేణి:

పసుపు సంగతి నేను చెప్త, దాంతోని నాకు బాగ అనుభవం. ఎండ, ఎండల ఉండే అల్ట్రావయొలెట్ వల్ల ఏబీఎస్ పచ్చవడ్తది. నీది ఒక్క పక్కనే పచ్చగైందంటే ఆ పక్క కిటికీ దిక్కు ఉండెనన్నట్టు. మెడికల్ షాపుల పుండ్లు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 శాతంది దొరుకుతది. ఆ ఒక్క ముక్క ఊడదీసి, స్టిక్కర్లూ అచ్చు గుర్తులూ లేకపోతేనే, గాజు గిన్నెల ముంచి ఎండల పెట్టు, గంటకోసారి తిప్పు. గ్లౌజులు తొడుక్కో. మా ఊరి ఎండకు ఒక్క పూటల తేడా కనపడ్డది.

కాజీపేట జంక్షన్:

అన్నా, దీని మీద నీతోని కొట్లాట పెట్టుకుంట. తెల్లగైతది, ఒప్పుకుంట. కానీ కొన్నేండ్లకు మళ్ల పచ్చవడ్డయి నేను చూసిన. ప్లాస్టిక్ కూడ పెళుసుగైనట్టు అనిపించింది. పైగా ముక్కు దిక్కంత సన్నటి గుర్తులుంటయి, పెరాక్సైడ్‌ల మునిగితే లేసిపోతయి. తమ్మీ, పసుపును అట్లనే ఉండనియ్యి, బొమ్మకు వయసొచ్చింది అనుకో. కిటికీకి మాత్రం దూరం పెట్టు.

గోదావరిఖని సింగరేణి:

సరే, నీ ఇష్టం. దుమ్ము మాట వినుండ్రి మరి. మా దగ్గర బొగ్గు దుమ్ము, పొద్దుగాల తుడిస్తే మాపటికి నల్లపొర. పొడిబట్టతోని రుద్దితే ఆ దుమ్మే ఇసుక కాయితమైతది, అచ్చు గుర్తులు లేసిపోతయి. ఆడోళ్ల మేకప్ బ్రష్ పెద్దది ఒకటి కొని మీద మీద దులుపు. కారు డిక్కీల, డ్యాష్‌బోర్డు మీద అసలే పెట్టకు. మే నెలల మూసిన కారు లోపల వేడికి మెత్తటి పీవీసీ ముక్కలు వంకర పోతయి. వంకర పోతే వేడి నీళ్లల్ల అర నిమిషం ముంచి సాపు చేసి వెంటనే చల్లనీళ్లల్ల పెట్టు, నిలుస్తది.

ఆదిలాబాద్ నుంచి:

చలి సంగతి కూడ రాయుండ్రి. మాకు డిసెంబర్, జనవరిల పొద్దుగాల పది డిగ్రీలకు కిందనే ఉంటది. చలికి ప్లాస్టిక్ పెళుసైతది. నిద్ర లేవంగనే కీళ్లు తిప్పుడు బంద్ పెట్టిన. మా నిర్మల్ బొమ్మలే నయం, పొనికి కట్టె, చింతగింజల పేస్టు. ఎండకు భయం లేదు, చలికి భయం లేదు, చెయ్యి తిప్పెడిది లేదు!

నయీంనగర్ తమ్ముడు:

అందరికీ దండం. ఇంక రెండు అడుగుత. ఏ రూపంల పెట్టి ఉంచితే మంచిది? యాడ పెట్టాలె? మాది గ్రౌండ్ ఫ్లోర్.

కాజీపేట జంక్షన్:

విమానం రూపంల పెట్టు. రోబోగ నిలబెట్టి చెయ్యి చాపి తుపాకీ ఇస్తే చూడనీకె మంచిగుంటది గని, ఆ భారమంత ఇప్పుడే గీత పడ్డ భుజం మీదనే పడ్తది. నెల దాకా దాన్ని ముట్టకు.

జాగ అంటవా, నయీంనగర్ అంటున్నవు. 2020 ఆగస్టుల, 2023 జులైల మీ దిక్కు నీళ్లు ఎక్కడి దాకా వచ్చినయో నాకంటే నీకే ఎరుక. నడుము కంటే పైన ఉన్న అరల పెట్టు. అట్టపెట్టెల పెడ్తే చెదలు చూసుకో. మెత్తటి రబ్బరు ముక్కలను మిగితావాటితోని ఒకే ప్లాస్టిక్ కవర్ల మూసిపెట్టకు, కొన్నేండ్లకు జిగట కారి పక్కదానికి అంటుకుంటయి. వానకాలం సిలికా జెల్ పొట్లాలు రెండు వెయ్యి.

మీ అక్క కొడుకు పాపం. వానికి ట్రాన్స్‌ఫార్మర్స్‌ల స్టార్‌స్క్రీమ్ అనే రోబో ఒకటి కొనియ్యి, అది ఎఫ్-15 యుద్ధవిమానం పోలిక. పిల్లల కోసం చేసేటియి చానా మటుకు బంతి కీళ్లవి, గట్టిగ గుంజితే ఇరగవు, ఊడొస్తయి. మళ్ల నొక్కితే కూసుంటయి. వాడు ఊడదీసుడు, నువ్వు పెట్టుడు.

నిజామాబాద్ చెల్లె:

అన్నా, జపాన్ నుంచి తెప్పించుకుంటే ఎంత పడ్తది?

కాజీపేట జంక్షన్:

బొమ్మ ధర చూసి లెక్క వెయ్యకు చెల్లె. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020 ఫిబ్రవరిల 20 శాతం నుంచి 60 చేసిండ్రు, 2023ల 70 అయింది. పార్సిల్ ఖర్చు అదనం. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేండ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు కూడ ఉండాలె. జపాన్ డబ్బాల మీద 15 ఏండ్లు పైబడ్డోళ్లకు అని రాసి ఉంటది చూడు, ఆ డబ్బా పారేయకు. ఆర్డర్ పెట్టే ముందు ఆ రోజు రేటు చూసుకో. తమ్ముని బావ లాంటి బావ ఉంటే మాత్రం అదృష్టమే.

నయీంనగర్ తమ్ముడు, నాలుగు రోజులకు:

అయిందన్నా! అరికాలు లోపల టార్చ్ పెడ్తే బందాయ్ అని కనపడ్డది, పుస్తకం బొమ్మలు దొరికినయి. నువ్వు చెప్పినట్టు గెర్‌వాక్ కాడికి తెచ్చి ఆపిన. చూస్తే ఎడమ పిడికిలి సగమే మడిచి ఉన్నది. అది మడిచి చేతులు పంపితే జారుకుంట పోయినయి, సప్పుడు కూడ రాలేదు. కాళ్లు ఆఖరుకు. ఇప్పుడు మూడు చక్రాల మీద టేబుల్ మీద నిలబడ్డది.

వదులు కాలుది స్క్రూనే అక్కా. చౌరస్తా కాడ గడియారాలాయన దగ్గరికి కొంచవోతే అద్దం పెట్టుకొని చూసి, మూడో కొస పెట్టి పావు చుట్టు బిగించిండు. ఇరవై రూపాయలు తీసుకున్నడు. ఇది ఎగురుతదా అని అడిగిండు, ఎగరదంటే మరి ఇంత మందం మడతలు ఎందుకు పెట్టిండ్రు అన్నడు.

ఇంకొక్కటి ఉన్నది. ముందు చక్రం మూత ఒకటి, గోరంత ముక్క, మొదటికెల్లే లేదట. అట్లాంటిది చేపియ్యనీకె వస్తదా?

కరీంనగర్ అక్క:

ఉన్న రెండో మూత పొడుగు, వెడల్పు, మందం కొలిచి రాయి. స్కేలు కాదు, మీ గడియారాలాయన దగ్గర సన్న కొలతలు తీసే వెర్నియర్ ఉంటది, అడుగు.