మైకేల్ ఆప్టెడ్ మీద సెమినార్, ఏది ముందు చూడాలి?

ప్రశ్న: నమస్కారం అండి, డాక్యుమెంటరీ కోర్సు చేస్తున్నాను. సెమినార్‌కి బ్రిటిష్ డైరెక్టర్ మైకేల్ ఆప్టెడ్‌ని తీసుకున్నాను. ఒకచోట కొందరు పిల్లల్ని ఏడేళ్లకోసారి కలిసి వాళ్ల జీవితం చూపించే ‘అప్’ డాక్యుమెంటరీ సిరీస్ తీసినాయన అంటారు, ఇంకోచోట జేమ్స్ బాండ్ సినిమా డైరెక్టర్ అంటారు, ఇద్దరూ ఒకరేనా? అన్నీ చూసేంత టైమ్ లేదు, వచ్చే వారమే సెమినార్, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఒకరేనండి. ముందు ఒక్కటి సరిచూసుకోండి, చాలామంది ఇక్కడే తప్పు రాస్తారు. 1964లో గ్రనాడా టెలివిజన్ తీసిన మొదటి భాగం ‘సెవెన్ అప్’కి డైరెక్టర్ ఆప్టెడ్ కాదు, కెనడాకి చెందిన పాల్ ఆల్మండ్. ఆప్టెడ్ అప్పుడు రీసెర్చర్, ఏడేళ్ల పిల్లల్ని వెతికిపెట్టడం ఆయన పని. 1970 నుంచి 2019లో ‘63 అప్’ (పేరులోని అంకె వాళ్ల వయసు) దాకా ఏడేళ్లకోసారి వాళ్ల దగ్గరికి వెళ్లి తీసింది మాత్రం ఆయనే. 2021 జనవరిలో పోయారు.

మొదట ‘సెవెన్ అప్’ చూడండి, దాదాపు 40 నిమిషాలే. తర్వాత ‘21 అప్’, ‘28 అప్’. ప్రతి భాగంలోనూ పాత ఫుటేజ్ మళ్లీ చూపిస్తారు కాబట్టి మధ్యలో ఒకటి వదిలేసినా కథ తెగదు. ‘63 అప్’తో మాత్రం మొదలుపెట్టకండి, ఎవరి బతుకు ఏ మలుపు తిరిగిందో ముందే తెలిసిపోతే ఇక చూడటానికేం మిగలదు.

‘21 అప్’లో టోనీ భాగం తప్పకుండా నోట్ చేసుకోండి. తూర్పు లండన్ కుర్రాడు, చిన్నప్పుడు గుర్రప్పందాల జాకీ అవుతానన్నాడు, అది కుదరలేదు. ఇతను చివరికి జైలుకే పోతాడని ఆప్టెడ్ మనసులో అనుకుని, తర్వాతి భాగానికి పనికొస్తుందని, నేరాలు జరిగిన చోట్లకి అతనితోనే కారు నడిపించి షూట్ చేసి పెట్టుకున్నారు. టోనీ ఏ జైలుకీ పోలేదు, టాక్సీ నడుపుకుంటూ పెళ్లాం పిల్లలతో స్థిరపడ్డాడు. తాను ముందే తీర్పు ఇచ్చేసుకున్నానని ఆప్టెడ్ తర్వాత బయటికే చెప్పారు. డాక్యుమెంటరీ నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే పెద్ద పాఠం నాకు కనిపించలేదు.

మళ్లీ ప్రశ్న: చాలా థాంక్స్ అండి. మరి ఫీచర్ సినిమాల సంగతి? బాండ్ సినిమా గురించి ఎంత చెప్పాలి?

జవాబు: 1999లో ‘ది వరల్డ్ ఈజ్ నాట్ ఇనఫ్’ అని ఒక్క లైన్ చాలు. అసలు చెప్పాల్సింది ‘కోల్ మైనర్స్ డాటర్’ (1980), గాయని లొరెట్టా లిన్ జీవితం, ఆ పాత్ర వేసిన నటి సిస్సీ స్పేసెక్ తన పాటలన్నీ సొంత గొంతుతో పాడి ఆస్కార్ తీసుకుంది. ‘గొరిల్లాస్ ఇన్ ద మిస్ట్’ (1988) కూడా ఒక స్త్రీ కథే. 1964లో ఎంచుకున్న 14 మందిలో ఆడపిల్లలు నలుగురే, అది తనకు తీరని లోటని ఆయన చాలాసార్లు అన్నారు. ఆ లోటునీ, ఈ ఆడవాళ్ల కథల సినిమాలనీ పక్కపక్కన పెట్టి మాట్లాడండి, సెమినార్ అక్కడే నిలబడుతుందని నా నమ్మకం.

ఇంకొకరి జవాబు: పైన సార్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. టైమ్ ఉంటే 1992లో వచ్చిన రెండు చూడండి, డాక్యుమెంటరీ ‘ఇన్సిడెంట్ ఎట్ ఓగ్లాలా’, ఫీచర్ సినిమా ‘థండర్‌హార్ట్’. రెండింటి వెనకా ఉన్నవి అమెరికాలో అక్కడి ఆదివాసులకి కేటాయించిన పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో 1970లలో జరిగిన గొడవలే. ఒకే విషయాన్ని ఒకే డైరెక్టర్ రెండు పద్ధతుల్లో ఎలా పట్టుకున్నారో రెండు చిన్న క్లిప్పులు వేసి చూపిస్తే చాలు, క్లాసులో ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.