పాఠాల యాప్‌కు హెచ్.264 చాలునా, ఏవీ1కు మారాలా?

అందరికీ నమస్కారం. నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తూ చెప్పే గణిత పాఠాల కోసం నేను ఒక యాప్ తయారు చేస్తున్నాను. వీడియోలను ఇప్పటివరకు 2003లో వచ్చిన హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలోనే కుదిస్తున్నాను, దాదాపు ప్రతి ఫోనూ, ప్రతి బ్రౌజరూ దాన్ని ఇబ్బంది లేకుండా చూపిస్తుంది. అయితే నెట్ నెమ్మదిగా ఉన్నవారి కోసం బిట్‌రేటు (సెకను వీడియోకు వాడే డేటా) తగ్గించినప్పుడు, సన్నని గీతల చుట్టూ చిన్న చిన్న గళ్లు ఏర్పడి, ఘాతాంకంగా రాసింది మూడో, ఎనిమిదో తెలియకుండా పోతోంది. లెక్కలు నేర్చుకునే పిల్లలకు ఇది చిన్న లోపం కాదు.

అదే పాఠాన్ని 2018లో విడుదలైన ఏవీ1 అనే మరో కుదింపు పద్ధతిలో కుదిస్తే, అంతే ఫైల్ సైజులో అంకెలు స్పష్టంగా కనిపించాయి. కానీ ఎన్‌కోడింగుకు, అంటే అలా కుదించడానికి, చాలా ఎక్కువ సమయం పట్టింది. పైగా చిప్‌లో ఏవీ1 డీకోడర్ (కుదించిన వీడియోను విప్పే భాగం) లేని నా పాత ఫోనులో ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడి, కాసేపటికే ఫోను వేడెక్కింది. హెచ్.264 తర్వాత వచ్చిన హెచ్ఈవీసీ అనే పద్ధతిని పేటెంట్ లైసెన్సుల చిక్కుల వల్ల పక్కన పెట్టాను.

ప్రతి పాఠాన్నీ రెండు ఫార్మాట్లలోనూ ఉంచి, హార్డ్‌వేర్ డీకోడర్ ఉన్న ఫోన్లకు మాత్రమే ఏవీ1 పంపడం మేలా, లేక హెచ్.264 సెట్టింగులు మార్చి ఆ గళ్లను తగ్గించే వీలుందా? మొదటి పద్ధతి పాటిస్తున్నవారు ఫోను సామర్థ్యాన్ని ఎలా గుర్తిస్తున్నారో దయచేసి తెలియజేయగలరు.