ప్రధాన పదం ఏది: లాడమా, నాడానా?

కొలిమి:
వ్యవసాయ పనిముట్ల పదకోశం కోసం మాటలు కూరుస్తున్నాము. పశువుల గిట్టలు అరిగిపోకుండా మేకులతో బిగించే ఇనుప బద్దకు ‘లాడం’ అన్నదే ప్రధాన పదంగా ఉండాలని నా ప్రతిపాదన. పత్రికలలో ‘గుర్రపు నాడా’ విరివిగా కనిపిస్తున్నప్పటికీ, నాడా అంటే పైజామా బొందు అన్న అర్థం కూడా వాడుకలో ఉంది కనుక ఆ రూపాన్ని రెండవ స్థానంలో ఉంచడం మేలు. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

పదాన్వేషి:
నేను అంగీకరించలేను. అరబ్బీలో ‘నఅల్’ అంటే చెప్పు. ఆ మాటే పారశీకం మీదుగా హిందీ, మరాఠీ భాషలకు చేరి ‘నాల్’ అయింది. దానిని బిగించే పనివాడు నాల్‌బంద్. ఆ వృత్తినామం మన ముస్లిం కుటుంబాలలో ఇంటిపేరుగా నిలిచింది, ఆర్మేనియా వారి నల్బంద్యన్ అన్న ఇంటిపేరు కూడా దాని నుంచే పుట్టింది. ఇంత దూరం నడిచిన మాటలోని నకారాన్ని నిలుపుకున్నది నాడాయే అని నా నమ్మకం. గుర్రం ప్రసక్తిలో బొందు ఎవరికీ తోచదు.

కాడిమేడి:
మూలానికి దగ్గరగా ఉండడమే కొలమానమైతే మనం నాడాను కూడా వదిలి నాల్ అనవలసి వస్తుంది. తమిళంలో లాడం, కన్నడంలో లాళ అంటారు. ఏళు–ఏడు, కోళి–కోడి వంటి జంటలను చూపి లాళయే లాడమైందని కొందరు వాదిస్తారు గానీ, అవి ద్రావిడ భాషలకు పుట్టుకతో వచ్చిన మాటలు. అరువు మాటకు ఆ సూత్రాన్ని అంటగట్టరాదు. అయినా మూడు భాషలలోనూ మాట లకారంతోనే స్థిరపడిందన్నది తోసిపుచ్చలేని సాక్ష్యం.

ఇంతకన్నా ముఖ్యమైన విషయం ఈ చర్చలో ఎవరూ ఎత్తలేదు. మన పల్లెలలో ఈ ఇనుము ఎక్కువగా పడింది గుర్రాలకు కాదు, బండి ఎద్దులకు. గుర్రపు గిట్ట ఒక్కటిగా ఉంటుంది కనుక దాని అంచు వెంట వంగిన ఒకే బద్ద సరిపోతుంది. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కనుక ఒక్కో కాలికి రెండు పలుచని రేకులు కావాలి. ఎద్దును పక్కకు పడవేసి, నాలుగు కాళ్లూ కట్టి, మేకు లోపలి సున్నితమైన భాగానికి తగలకుండా గిట్ట గోడలోనే దిగేటట్లు కొట్టడం ఎంతో నేర్పు కావలసిన పని. మేకు దారి తప్పితే ఎద్దు కుంటుతుంది. ‘గుర్రపు నాడా’ అన్న సమాసాన్ని ప్రధాన పదం చేస్తే ఈ రేకులకు పదకోశంలో చోటే ఉండదు. అందువల్ల లాడం అని పెట్టి, నిర్వచనంలో వంపు ఆకారాన్ని గుర్రానికి మాత్రమే పరిమితం చేయాలి.

పదాన్వేషి:
ఎద్దుల విషయంలో మీ వాదన బలమైనది, వస్తువు వరకు లాడానికి ఒప్పుకుంటున్నాను. అయితే ఆకారాన్ని సూచించే అర్థానికి ‘గుర్రపు నాడా’ను విడిగా చేర్చాలి. అయస్కాంతాన్నైనా, అజంతా గుహల ముందు వాఘూర్ నది తిరిగే వంపునైనా పాఠకులు ఆ మాటతోనే గుర్తిస్తారు.

కాడిమేడి:
చేర్చండి, కానీ గుంటుపల్లి చైత్యగుహ ముఖద్వారపు తోరణాన్ని ఆ అర్థానికి ఉదాహరణగా ఇవ్వవద్దు. అది కొయ్య కట్టడాల పైకప్పు వంపును రాతిలో అనుకరించిన రూపం. శిల్పశాస్త్రంలో దానికి గవాక్షం అన్న పేరు ఉంది.