పోకర్‌లో మిక్స్‌డ్ గేమ్స్ ఆడి బతకొచ్చా? ఆడినవాళ్లు చెప్పండి

నాలుగోవీధి:
నో లిమిట్ హోల్డెమ్ మీద విసుగొచ్చేసింది. ఎవరి పక్కన కూర్చున్నా సాల్వర్ (ఏ హ్యాండ్ ఎలా ఆడాలో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) చార్టులు బట్టీ కొట్టి వచ్చినవాళ్లే. కొన్నాళ్లుగా చిన్న స్టేక్స్‌లో 8-గేమ్ (ఎనిమిది రకాల పోకర్ ఆటలు వంతులవారీగా మారేది) ఆడుతున్నా, మనసు అటే లాగుతోంది. దీన్నే వృత్తిగా పెట్టుకుంటే గడుస్తుందా? "కష్టపడితే ఏదైనా సాధ్యమే" టైపు జవాబులొద్దు, మీరు చూసింది చెప్పండి.

బ్రింగిన్_బాబు:
గడుస్తుంది, టేబుల్ దొరికితే. హోల్డెమ్‌కి పెద్ద కార్డ్ రూమ్‌లో ఏ వేళకి వెళ్లినా సీటుంటుంది. మిక్స్ అలా కాదు. లాస్ వెగాస్ లాంటి చోట్లు వదిలేస్తే రోజూ నడిచే గేమే అరుదు. నడిచినా అవే ఏడెనిమిది మొహాలు. ఇద్దరు రాకపోతే ఆ రాత్రికి ఆట లేనట్టే. అందుకని సగం పని టేబుల్ బయటే. ఫోన్లు చెయ్యాలి, కబుర్లు చెప్పాలి. సరదాకొచ్చే పెద్దమనిషి "ఈసారి బడేసీ పెడదాం" అని ఏదో అరుదైన ఆట అడిగితే మొహం ముడుచుకోకుండా సరే అనాలి. అతను పోగొట్టుకున్న హ్యాండ్ మీద పాఠం చెప్పేవాణ్ని మర్నాటి నుంచి ఎవరూ పిలవరు. ఆట ఎంతొచ్చినా పిలుపు లేకపోతే ఇంట్లో కూర్చోవడమే.

రాజ్_పిచ్చి:
బాబుగారు చెప్పింది నిజమే గానీ, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పాలి కదా. హోల్డెమ్ నుంచి వచ్చినవాళ్లు స్టడ్ ఆటల్లో (కొన్ని ముక్కలు అందరికీ కనబడేలా పైకి పంచేవి) పక్కవాళ్ల ముక్కలు చూడరు. రాజ్‌లో (చిన్న ముక్కల హ్యాండే గెలిచే స్టడ్) మీకు ఆసు, 3 కింద, 5 పైన ఉన్నాయనుకోండి. ఫోల్డ్ అయినవాళ్ల పైముక్కలు 5, 3, ఆసు అయితే పండగే, మీకు జత పడే ముక్కలు తగ్గిపోయాయి. అదే 2, 4, 6, 7 వెళ్లిపోయి ఉంటే? చేతిలో ఉన్నది అవే మూడు ముక్కలు, హ్యాండ్ విలువ మాత్రం దిగిపోయింది. ఫోల్డ్ చేసిన ముక్కని డీలర్ ఒకసారి లాక్కున్నాడంటే మళ్లీ చూపించడు. అందరి పైముక్కలూ ఏడో వీధి (ఆఖరి ముక్క) దాకా గుర్తుపెట్టుకోవాలి. అలా గంటలకొద్దీ చెయ్యగలిగితేనే ఈ వృత్తి. నాకు అదే సరదా, మా తమ్ముడికి అదే నరకం.

మూడుడ్రాలు:
అన్నా, గుర్తుపెట్టుకోవడం కంటే మర్చిపోవడం కష్టం :) రౌండ్ మారగానే పాత ఆట బుర్రలోంచి పోవాలి. రాజ్‌లో ఆసు చిన్నది, స్ట్రెయిట్‌తో (వరుస ముక్కలతో) పనిలేదు, 5-4-3-2-ఆసు అన్నిటికంటే గొప్ప. 2-7 ట్రిపుల్ డ్రాకి (మూడుసార్లు ముక్కలు మార్చుకునే లో ఆటకి) రాగానే ఆసు పెద్దది, స్ట్రెయిట్ దెబ్బ కొడుతుంది, గొప్పది 7-5-4-3-2. తెల్లవారుజామున ఓ కుర్రాడు 6-5-4-3-2 పట్టుకుని ఒక్క ముక్కా మార్చకుండా రైజుల మీద రైజులు కొట్టాడు. చూపించాక టేబుల్ అంతా నిశ్శబ్దం. అది స్ట్రెయిట్ అని వాడికి చెప్పడానికి కూడా ఎవరికీ మనసు రాలేదు. ఏ ఆట నడుస్తోందో చెప్పే బిళ్ల డీలర్ ముందే ఉంది!

ఇస్పేటు_జాకీ:
ఇదంతా చిన్న గేమ్‌ల సంగతి. పెద్ద ఆటగాడు చిప్ రీస్‌లా పేరు రావాలంటే దారేంటి? 50,000 డాలర్ల టోర్నీ కొట్టడమేనా?

బ్రింగిన్_బాబు:
జాకీ గారూ, రీస్ పేరు తెచ్చుకుంది టోర్నీలతో కాదు, ఏళ్ల తరబడి పెద్ద క్యాష్ గేమ్‌లతో. 2006లో డబ్ల్యూఎస్ఓపీ (వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్) మొదటిసారి 50,000 డాలర్ల హార్స్ (ఐదు ఆటల మిక్స్) పెట్టింది. 143 మంది ఆడారు. చివర్లో ఆండీ బ్లాక్‌తో గంటల తరబడి తలపడి రీసే గెలిచాడు, 17 లక్షల డాలర్ల పైచిలుకు వచ్చింది. ఇందులో తమాషా ఏంటంటే, టీవీ కోసం ఫైనల్ టేబుల్‌ని నో లిమిట్ హోల్డెమ్‌గా ఆడించారు. మరుసటి ఏడాది ఆయన పోయాడు, ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. 2010లో అదే పోకర్ ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ అయ్యి 8-గేమ్‌కి మారింది. మైకేల్ మిజ్రాకీ దాన్ని 2010, 2012, 2018, 2025లో కొట్టాడు. 2025లోనే మెయిన్ ఈవెంట్ కూడా! అవన్నీ చూసి మురిసిపోవడానికి బాగుంటాయి. ఆ స్థాయి టోర్నీల్లో చాలామంది తమ గెలుపులో వాటాలు అమ్ముకునే కూర్చుంటారు. నెలవారీ ఖర్చు వెళ్లదీసేది క్యాష్ గేమే.

సగంపాట్:
వాటాల మాటొచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఎవరైనా "నేను పెట్టుబడి పెడతా, లాభంలో సగం" అంటే మేకప్ సంగతి ముందే అడగండి. ఓడిన డబ్బంతా మీ పేరు మీద లెక్క కడతారు. అది పూడిన తర్వాతే లాభం పంచుకోవడం మొదలు. నేను నెలల తరబడి గెలిచీ జేబులోకి రూపాయి చూడలేదు, అంతా పాత గుంట పూడ్చడానికే సరిపోయింది.

ఇక ఒమాహా హై-లో (పాట్‌లో సగం పెద్ద హ్యాండ్‌కి, సగం చిన్న హ్యాండ్‌కి). కొత్తవాళ్లు ఆసు-2 కనబడితే చాలు, పెళ్లిచూపులకి వెళ్తున్నట్టు వెలిగిపోతారు. ముగ్గురు తలా 400 పెట్టారు, పాట్ 1,200. మీకు నట్ లో (అన్నిటికంటే మంచి లో) ఉంది, ఇంకొకడికీ అదే ఉంది, హై మూడోవాడిది. లో వాటా 600ని మీరిద్దరూ పంచుకుంటే మీకు 300. పెట్టింది 400. లో వైపు మిమ్మల్ని మించినవాడు లేడు, అయినా వంద పోయింది! ఇది తెలియనివాడు ప్రతి వీధిలో సంతోషంగా రైజ్ చేస్తాడు. వాడి ఎడమ పక్క సీటు కోసం నేను ఎంతసేపైనా నిలబడతా.

నాలుగోవీధి:
అందరికీ థాంక్స్. సగంపాట్ అన్నా, మేకప్ గురించి అసలు తెలీదు, బతికించారు. మరి అన్ని ఆటలూ బాగా వచ్చేదాకా ఆగాలా?

రాజ్_పిచ్చి:
ఆగాలనే అంటాను. ఏది రాదో అందరూ కనిపెట్టేస్తారు, డీలర్స్ ఛాయిస్‌లో (ఏ ఆటో ఆటగాళ్లే వంతులవారీగా ఎంచుకునేది) పదే పదే అదే పిలుస్తారు.

మూడుడ్రాలు:
నేను ఒప్పుకోను. అన్నీ వచ్చినవాడు ఎవడున్నాడు? రాని ఆటలో తక్కువ హ్యాండ్స్ ఆడి తక్కువ పోగొట్టుకోవడం కూడా ఒక విద్యే. లిమిట్‌లో బెట్‌కి హద్దుంటుంది కాబట్టి ఒక్క రౌండ్‌లో మునిగిపోరు. అయితే 8-గేమ్‌లో నో లిమిట్ హోల్డెమ్, పాట్ లిమిట్ ఒమాహా కూడా ఉన్నాయి, అక్కడ మాత్రం ఈ మాట చెల్లదు. లిమిట్ రౌండ్లలో గంటంతా చెమటోడ్చి కూడబెట్టింది అక్కడ ఒక్క హ్యాండ్‌లో ఊడుతుంది. హోల్డెమ్ నుంచి వస్తున్నావు కాబట్టి నీకు లాభం అక్కడే.

బ్రింగిన్_బాబు:
సాల్వర్లకి భయపడి పారిపోయి వస్తున్నావు కాబట్టి ఇది కూడా విను. ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ని అల్బెర్టా యూనివర్సిటీ వాళ్లు 2015లోనే దాదాపు ఛేదించేశారు. స్టడ్ ఆటలకి మాత్రం హోల్డెమ్‌కున్నంత దిట్టమైన సాఫ్ట్‌వేర్ ఇంకా లేదు. చదువుకునేది అక్కడ మొదలుపెట్టు. స్టడ్ హై-లో నేర్చుకుంటే రాజ్ సగం, స్టడ్ సగం వచ్చేసినట్టే.

నాలుగోవీధి:
సరే బాబుగారూ, స్టడ్ హై-లోతోనే మొదలెడతా. హోల్డెమ్ ఇప్పుడే వదలను, ఇంటి ఖర్చులు దాని మీదే ఉన్నాయి. ఈ వారం చిన్న స్టేక్స్‌లో ఎవరైనా కలుస్తారా? నలుగురుంటే చాలు.

ఇస్పేటు_జాకీ:
నేను రెడీ. బడూగీ ఆట కూడా కలపండి.