కులాన్ని పుట్టించింది తెల్లదొరలేనా? డర్క్స్ పుస్తకం చదివినవాళ్ళు చెప్పండి

గోదారిగట్టు:
మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయనది రోజూ ఒకటే పాట. కులం మనది కాదట, 1901 జనాభా లెక్కల్లో బ్రిటిష్ వాళ్ళు పుట్టించారట, వాళ్ళ ప్రొఫెసరే పుస్తకం రాసి ఒప్పుకున్నాడట. ఆ పుస్తకం నికొలస్ డర్క్స్ 'కాస్ట్స్ ఆఫ్ మైండ్' (2001). ఆయన అమెరికావాడు, సరే, అది వదిలేద్దాం. కొన్నాను గానీ నలభై పేజీల దగ్గర ఆగిపోయా. అందులో నిజంగా అంత మాట ఉందా?

రిటైర్డ్_లెక్చరర్:
ఉంది. 1901 లెక్కలకు కమిషనర్ హెర్బర్ట్ రిస్లే. మనుషుల ముక్కు పొడవు, వెడల్పు కొలిచి, దాన్నిబట్టి ఎవరు ఏ జాతో తేల్చొచ్చని నమ్మిన మనిషి. కులాల్ని అక్షరక్రమంలో రాసుకుంటే సరిపోయేది. అలా కాకుండా ఎవరు పైన, ఎవరు కింద అని వరస పెట్టించాడు. దాంతో దేశమంతా కుల సంఘాలు బయల్దేరి, మమ్మల్ని ఇంకో మెట్టు పైన రాయండి అని అర్జీలు గుమ్మరించాయి. అంతకుముందు ఊరికో రకంగా, రాజు మారితే మారుతూ ఉన్నదాన్ని కాగితం మీద బిగించారు. డర్క్స్ చెప్పింది ఇదే. మీ గ్రూపులో ఆయన కాస్త మొరటుగా చెప్పాడేమో గానీ తప్పు చెప్పలేదు.

ఓరుగల్లు_బిడ్డ:
1901 దాకా కులమే లేకపోతే బ్రహ్మనాయుడు చాపకూడు ఎవర్ని కూసోబెట్టి తినిపించిండు సారు?

రిటైర్డ్_లెక్చరర్:
పల్నాటి యుద్ధం పన్నెండో శతాబ్దంది. శ్రీనాథుడిదని చెప్పే కావ్యం పదిహేనో శతాబ్దంది. కావ్యాన్ని చరిత్ర కింద చూపిస్తే ఎలా?

ఓరుగల్లు_బిడ్డ:
పదిహేనో శతాబ్దంల రాసినా 1901కి నాలుగు వందలేండ్ల ముందే గద!

నాగమణి_డల్లాస్:
మాస్టారూ, నేను పుస్తకం రెండుసార్లు చదివాను. మనం ఇవాళ చూస్తున్న కులం ప్రాచీన భారతం నుంచి యథాతథంగా దిగిన సరుకు కాదు, వలస పాలనతో తగిలిన తాకిడిలో ఈ రూపానికొచ్చింది అంటాడు. ఆ వెంటనే, అతితెలివి బ్రిటిష్ వాళ్ళు దీన్ని కల్పించారని నా ఉద్దేశం కాదు అని కూడా అంటాడు. మొదటి అధ్యాయంలోనే. గోదారిగట్టు గారూ, మీరు చదివిన నలభై పేజీల్లోనే ఉండాలది. ఆయన అంతకుముందు రాసిన 'ది హాలో క్రౌన్' (1987) అంతా పుదుక్కోట రాజ్యం గురించి. అక్కడ రాజుకు దగ్గరగా ఉన్న కులానికే గౌరవం అని చూపించాడు. అంటే కులం ఉంది, దాని పగ్గం రాజు చేతిలో ఉంది. కులం లేదని ఎక్కడన్నాడు?

రిటైర్డ్_లెక్చరర్:
'కల్పించారు' అనలేదు, 'తయారు చేశారు' అన్నాడు. రెండూ ఒకటి కాదంటారా?

నాగమణి_డల్లాస్:
కాదు. మీ ఆవిడ రోజూ ఇడ్లీ తయారు చేస్తారు. ఇడ్లీని ఆవిడ కల్పించలేదు.

రిటైర్డ్_లెక్చరర్:
ఉపమానాలు వద్దు. పేజీ నంబరు ఇవ్వండి.

మత్తు_డాక్టర్:
ఈ పుస్తకాలు నాకు తెలియవు, నా డ్యూటీలో చూసేది చెప్తా. ఆపరేషన్‌కి వచ్చింది వైశ్యులైతే నేను ఒక ప్రశ్న ఎక్కువ అడుగుతా: మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక ఊపిరి రావడం ఆలస్యమైందా అని. గొంతులో గొట్టం వేయడానికి కండరాలు వదులు చేసే ఇంజెక్షన్ ఒకటుంది, సక్సినైల్‌కోలిన్. మామూలుగా నిమిషాల్లో దిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ కొందరికి పుట్టుకతోనే సరిగా ఉండదు. వాళ్ళకు గంటలు పడుతుంది, అంతసేపూ మెషీన్ మీదే ఉంచాలి. ఆంధ్రలో వైశ్యులకు ఈ లోపం మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ. హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ బృందం, మన హైదరాబాద్ సీసీఎంబీ వాళ్ళు కలిసి జన్యువులు చూశారు. రెండు మూడు వేల ఏళ్ళుగా బయటి సంబంధాలు దాదాపు లేవని తేలింది. రైక్ 2018 పుస్తకంలో ఉంది. నూట పాతికేళ్ళలో ఇది జరిగే పని కాదు.

రిటైర్డ్_లెక్చరర్:
డాక్టర్ గారూ, మేనరికాలూ లోపలి పెళ్ళిళ్ళూ వేరు, ఎక్కువతక్కువలు వేరు. అరుగు మీద ఎవరు కూర్చున్నారో, వాకిట్లో ఎవరు నిలబడ్డారో జన్యువులో రాసి ఉండదు. నేను మాట్లాడేది ఆ మెట్ల గురించి.

(నిజానికి మంచి పాయింటే. డాక్టర్ గారు మళ్ళీ కనిపించలేదు, ఓటీలో ఉన్నారేమో — గోదారిగట్టు)

నాగమణి_డల్లాస్:
వేరు వేరని అంత తేలిగ్గా అనకండి. అంబేద్కర్ 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన వ్యాసంలో మొత్తం లోపలి పెళ్ళి మీదే కట్టాడు. బయట పెళ్ళి ఆపాలంటే ఆడపిల్లని ఆపాలి. సతి, వితంతువుకి మళ్ళీ పెళ్ళి లేకపోవడం, బాల్యవివాహం, అన్నీ అందుకే అన్నాడు. ముందు ఒకళ్ళు తలుపేసుకున్నారు, తక్కినవాళ్ళు చూస్తే తలుపు వేసి ఉంది. రిస్లే ముక్కుల లెక్కకీ దీనికీ సంబంధమే లేదు.

సర్కారు_తుమ్మ:
ఇవన్నీ ఎందుకండీ, రిజర్వేషన్లు తీసేస్తే కులం దానంతటదే పోతుంది.

ఓరుగల్లు_బిడ్డ:
వచ్చిండు మనోడు. టాపిక్ మీద ఉండన్నా.

రిటైర్డ్_లెక్చరర్:
నాగమణి గారూ, అమెరికాలో కూర్చుని ఇక్కడి సంగతులు పుస్తకాల్లో చదవడం సుఖమే. నేను ముప్ఫై రెండేళ్ళు చరిత్ర పాఠం చెప్పాను. సీనియారిటీలో ముందున్నా నాకు రావాల్సిన ప్రిన్సిపాల్ పోస్టు ఎవరికి పోయిందో, ఏ సంఘం వాళ్ళు వెళ్ళి ఎవర్ని కలిశారో నాకు తెలుసు. సంఘాలు పెట్టుకోవడం నేర్పిందెవరు? రిస్లే! నేను పుస్తకంలో చదివి మాట్లాడటం లేదు.

నాగమణి_డల్లాస్:
సరే మాస్టారూ, నేనూ పుస్తకం పక్కన పెడతా. మాది కులాంతరం. పెళ్ళయిన మొదటి వేసవికి అత్తగారింటికి వెళ్ళాం. ఆ ఇంట్లో గిన్నె నుంచి గరిటె దాకా అన్నిటిమీదా ఆవిడ పేరు కొట్టించి ఉంటుంది, చుక్కలు చుక్కలుగా, తారీఖుతో సహా. నాకిచ్చిన స్టీలు గ్లాసు మీద మాత్రం పేరు లేదు. మూడో రోజు కడిగేటప్పుడు చూశా. కడిగి మిగతావాటితో స్టాండులో పెట్టబోతే, "అది కిటికీలో పెట్టమ్మా" అన్నారు. ఎంత మెత్తగా అన్నారనుకున్నారు! ఆవిడ ఐదో తరగతి. రిస్లే పేరు ఎవరు చెప్పారు ఆవిడకి?

గోదారిగట్టు:
...

నాగమణి_డల్లాస్:
నా గొడవ డర్క్స్‌తో కాదు. ఆయన రాసింది చాలావరకు ఒప్పుకుంటా. 'బ్రిటిష్ వాళ్ళు పుట్టించారు' అని అన్నాక మన ఇళ్ళల్లో ఎవరూ దేనికీ జవాబు చెప్పక్కర్లేదు. ఆ ఫార్వర్డ్ అందుకే అంత బాగా తిరుగుతోంది.

రిటైర్డ్_లెక్చరర్:
ఇన్ని పోస్టుల తర్వాత అసలు విషయానికొచ్చారు. నేనూ వస్తా. రెండు వేల ఏళ్ళ నాటిది, రక్తంలోనే ఉంది అని డాక్టర్ గారిలా చెబితే నా క్లాసులో పిల్లలు ఏమనేవారో తెలుసా? "అయితే ఇక పోదు కదా సార్" అనేవారు. అందుకని ముప్ఫై రెండేళ్ళూ ఇంకోలా చెప్పాను: ఇది ఫలానా సంవత్సరంలో, ఫలానా ఆఫీసరు బిగించాడు, బిగించినదాన్ని విప్పొచ్చు అని. తప్పించుకోవడానికి కాదమ్మా.

నాగమణి_డల్లాస్:
పాఠం చెప్పడానికి బాగుంది. కానీ నిజం కాదు కదా, సగమే నిజం.

రిటైర్డ్_లెక్చరర్:
పిల్లలకు ఆ సగం చాలనుకున్నాను.

ఓరుగల్లు_బిడ్డ:
2024 నవంబర్ల మా గల్లీకి కులగణనకొచ్చిండ్రు. రిస్లే రాలే, మా బడి టీచరమ్మే వచ్చింది. కులం అడగంగనే మా నాయిన గట్టిగ చెప్పిండు, పక్కింటాయన మెల్లగ చెప్పిండు. అన్నీ రాసుకుంది, పోయింది. సారు, ఒక్క మాట. మీ ఇంట్ల గసొంటి గ్లాసు ఉండెనా?

సర్కారు_తుమ్మ:
పర్సనల్ ప్రశ్నలు వద్దు బ్రో.

రిటైర్డ్_లెక్చరర్:
అడగనివ్వండి. ఉండేది. పెరట్లో నూతి పక్కన గూట్లో. నేను పదో తరగతిలో ఉండగా స్టీలుది వచ్చింది. అంతకుముందు సత్తుది. మా నాయనమ్మ కాపరానికొచ్చినప్పుడు కొబ్బరిచిప్ప ఉండేదని చెప్పేది. నాగమణి గారూ, ఆ పేజీ నంబరు దొరికితే పెట్టండి.